మన బొర్రకూ చట్టసభకూ ఏం సంబంధం?

పోయిన ఎండాకాలం పరకాల దగ్గర మా ఊరికి పోయినప్పుడు, వాకిట్లో మంచం మీద కూర్చుని చాయ్ తాగుతుంటే ఆశా చెల్లె వచ్చింది. చేతిలో ఒక ఫారం, భుజానికి సంచి, సంచిలో దర్జీ వాడే లాంటి టేపు. "అన్నా, జర లేచి నిలవడు, నడుము కొలవాలె" అంది. నేను ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి గుంజుకున్నా. "గట్ల బిగవట్టకు అన్నా, ఇడువు" అని నవ్వింది. 96 సెంటీమీటర్లు.

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నింపాల్సిన ఫారం అది. బీపీ, షుగర్, కేన్సర్ లాంటివి ముదరకముందే పట్టుకోవడానికి కేంద్రం పెట్టిన కార్యక్రమంలో భాగం. మగవాళ్లకు 90 సెంటీమీటర్ల దాకా సున్నా, 91 నుంచి 100 దాకా ఒక మార్కు, ఆపైన రెండు. ఆడవాళ్లకు 80 దాటితేనే లెక్క మొదలవుతుంది. నడుముకు నాకు ఒకటి, నలభై దాటిన వయసుకు రెండు, వారానికి 150 నిమిషాలు కూడా ఒళ్లు వంచనందుకు ఒకటి, మా నాయనకు షుగర్ ఉన్నందుకు రెండు, మొత్తం ఆరు. నాలుగు దాటితే ముందు పరీక్షలకు పంపాలట. మార్కులు ఎక్కువొచ్చినందుకు బాధపడ్డది జీవితంలో అదే మొదటిసారి.

ఊబకాయం మీద ప్రభుత్వం ఏం చేస్తోంది అని మా ఊర్లో ఎవరైనా అడిగితే చూపించడానికి ఉన్నది ఆ టేపు ఒక్కటే. తిండి ధర, ప్యాకెట్ మీద రాత, బడి ముందు దుకాణం, రేషన్ బియ్యం, ఫుట్‌పాత్, ఇవన్నీ వేరే వేరే వాళ్ల చేతుల్లో ఉన్నాయి, పైగా ఒకరు ఇటు గుంజితే ఇంకొకరు అటు గుంజుతుంటారు. ఎవరి చేతిలో ఏముందో చూస్తే తప్ప ఈ విషయం అర్థం కాదు.

టేపు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. జపాన్‌లో 2008 నుంచి 40 - 74 ఏళ్ల మధ్య వాళ్లందరికీ ఏటా నడుము కొలవాలని ఏకంగా నియమమే ఉంది. మగవాళ్లకు 85 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 90. బొర్ర పెరిగితే జైలుకు పంపుతారని మనవాళ్లు వాట్సాప్‌లో తిప్పుతుంటారు గానీ, అక్కడ మనిషికి ఏ శిక్షా లేదు. బాధ్యతంతా ఇన్సూరెన్స్ సంస్థల మీద, లక్ష్యం చేరకపోతే డబ్బు కట్టుకోవాల్సింది వాళ్లే. కాబట్టి మనిషిని బరువు తగ్గేలా చేయడం వాళ్లకు అవసరమైంది. మా ఆశా చెల్లె దగ్గరున్నది అదే టేపు, కాకపోతే దాని వెనక అలా చేతి నుంచి డబ్బు పోయే పెద్దమనిషి ఎవడూ లేడు.

అసలు లావు అంటే ఎంత అనే దగ్గరే మొదటి చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. మన దేశపు డాక్టర్లు 2009లో కూర్చుని ఆ గీతను 23కి, 25కి దించారు. ఎందుకు దించారో చెప్పడానికి ఒక ఫొటో ఉంది. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో, 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లండ్ ఆయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం. చేతులూ కాళ్లూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకు, మన పెళ్లి ఫొటోల్లో వెనక వరుసలో నిలబడే బాబాయిలందరూ గుర్తొస్తారు.

గీత ఎక్కడ గీస్తారన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే పాత గీతనే, అంటే 25నే పట్టుకుంది. అయినా తెలంగాణలో ఆడవాళ్లలో 30.1 శాతం, మగవాళ్లలో 32.3 శాతం ఆ గీత దాటారు. దేశం మొత్తం మీద అవి 24, 22.9. అదే సర్వేలో మన రాష్ట్రంలో 15 - 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత 57.6 శాతం. ఒక్కోసారి ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి, బరువు ఎక్కువ, రక్తం తక్కువ. చట్టం చేసేవాళ్లకు ఇక్కడే తల తిరుగుతుంది, ఎందుకంటే తిండి గురించి మన చట్టాలన్నీ పుట్టింది ఆకలి నుంచి. రాజ్యాంగంలో 47వ అధికరణ ప్రజల పోషకాహార స్థాయి పెంచడం ప్రభుత్వ బాధ్యత అంటుంది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినా, 2013లో ఆహార భద్రత చట్టం వచ్చినా, 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నా, అన్నిటి ఉద్దేశం ఒక్కటే, ఎవరూ పస్తు పడుకోవద్దు.

దాన్ని తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. మా నాయనమ్మ పొద్దున మక్క గట్క, మాపటికి జొన్న గట్క తిని బతికింది, వరి బువ్వ అంటే పండుగే. ఆమె ముందు నిలబడి "బియ్యం తక్కువ తిను, జొన్నలు మంచివి" అని చెబితే చేతికందిందేదో నా వీపు మీద పడేది. కానీ మూడు పూటలా తెల్లన్నం, పని ఏమో ట్రాక్టర్, హార్వెస్టర్ చేసిపెట్టడం అనేది ఆమె కాలంలో లేదు. రేషన్ దుకాణం పెట్టినవాళ్లు ఆకలిని లెక్కేశారు, ఒళ్లు వంగని రోజొస్తుందని అనుకోలేదు. ఇప్పుడు ఏ ఎమ్మెల్యే అయినా అసెంబ్లీలో లేచి బియ్యం తగ్గించి జొన్నలు ఇద్దాం అంటే, తెల్లారి ఊర్లోకి పోగలడా?

ఇక అధికారాల పంపకం. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. కానీ ప్యాకెట్ తిండి మొత్తం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద కేంద్రం పెట్టిన ఎఫ్ఎస్ఎస్ఏఐ అనే సంస్థ చేతిలో ఉంది. పన్ను, కేంద్రం, రాష్ట్రాల మంత్రులు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్‌ది. ఫుట్‌పాత్, పార్కు మునిసిపాలిటీవి. వంటనూనె దిగుమతి సుంకం ఢిల్లీలో ఆర్థిక శాఖది. ఆరోగ్య మంత్రి అనే ఆయన దగ్గర మిగిలేది ఆసుపత్రి, అంటే అన్నీ అయిపోయాక వచ్చే చోటు.

పన్ను కథ చెబితే ఇది బాగా అర్థమవుతుంది. 2016లో కేరళ ఆర్థిక మంత్రి థామస్ ఐజాక్ బ్రాండెడ్ రెస్టారెంట్లలో అమ్మే బర్గర్లు, పిజ్జాలు వగైరా మీద 14.5 శాతం కొవ్వు పన్ను వేశారు. దేశంలో అదే మొదటిది. దాని వల్ల ఏం జరిగిందో తెలిసేలోపే, 2017 జులైలో జీఎస్టీ వచ్చి దాన్ని మింగేసింది. అప్పటి నుంచి ఏ రాష్ట్రమైనా తన ఇష్టానికి అలాంటి పన్ను వేయడానికి వీల్లేదు, కౌన్సిల్‌లో గెలవాలి. అక్కడ నిర్ణయానికి నాలుగింట మూడొంతుల బలం కావాలి, మూడో వంతు ఓటు కేంద్రానిదే. మన రాష్ట్రానికీ అందులో ఒక కుర్చీ ఉంది, కానీ ఒక్క కుర్చీ.

ఆ కౌన్సిల్ నిర్ణయంతో 2025 సెప్టెంబర్ 22 నుంచి రేట్లు మారాయి. గ్యాస్ కూల్‌డ్రింకుల మీద 40 శాతం. వినడానికి గట్టిగానే ఉంది, కానీ అంతకుముందు కూడా 28 శాతం పన్ను, దాని మీద 12 శాతం సెస్సు కలిపి నలభైయే. పేరు మారింది, బరువు మారలేదు. అదే రోజు బిస్కెట్లు, ఐస్‌క్రీమ్‌లు, చాక్లెట్లు 18 శాతం నుంచి 5కి, మిక్చర్ ప్యాకెట్లు 12 నుంచి 5కి దిగాయి, నూడుల్స్ కూడా ఐదుకే వచ్చాయి. గ్యాస్ లేని పండ్లరసం డ్రింకు, అదీ 5కే. ఆ డబ్బాలో చక్కెర ఎంత ఉందని ఎవరూ అడగలేదు, బుడగలు ఉన్నాయా లేవా అన్నదే చూశారు. చక్కెర లేని డైట్ సోడాకు కూడా అదే 40 శాతం. నిత్యావసరాలు చవక చేయడమే ఆ మార్పు ఉద్దేశం, మధ్యతరగతి ఇంట్లో బిస్కెట్ ప్యాకెట్ నిత్యావసరమే కదా అంటే కాదనలేం. కాకపోతే ఆరోగ్యం కోసం పన్ను వేశాం అని మాత్రం చెప్పుకోవద్దు.

ఆరోగ్యం కోసం వేసే పన్ను ఎలా ఉంటుందో చూడాలంటే బ్రిటన్‌ను చూడాలి. 2016లో ప్రకటించి రెండేళ్లు టైమ్ ఇచ్చి, 2018 ఏప్రిల్‌లో అమలు చేశారు. వంద మిల్లీలీటర్లకు చక్కెర 5 గ్రాముల లోపు ఉంటే పన్ను లేదు, 5 నుంచి 8 దాకా లీటరుకు మొదట్లో 18 పెన్నీలు, 8 అంతకు మించితే 24. అది కూడా కొనేవాడి మీద నేరుగా కాదు, తయారీదారు మీద. చాలా కంపెనీలు ఆ రెండేళ్లలో గమ్మున ఫార్ములా మార్చేసి 5 గ్రాముల కిందికి జారుకున్నాయి. ప్రభుత్వానికి పన్ను రావడం కంటే రాకపోవడమే గెలుపు అన్న పన్ను అది. మెక్సికో 2014లో చక్కెర డ్రింకుల మీద లీటరుకు ఒక పెసో వేసి ఊరుకోకుండా, వంద గ్రాములకు 275 క్యాలరీలు దాటిన చిరుతిళ్ల మీదా 8 శాతం వేసింది. డెన్మార్క్ ఇంకో దారి పట్టింది, 2011లో వెన్న, మాంసం, జున్ను అన్నిటిలోని సంతృప్త కొవ్వు మీద పన్ను వేసేసరికి, ఆదిలాబాద్ వాళ్లు పెన్‌గంగ దాటినంత సులువుగా జనం జర్మనీ వెళ్లి వెన్న కొనుక్కొచ్చారు. ఏడాదికి కొంచెం ఎక్కువ ఓర్చుకుని 2013 మొదట్లో ఎత్తేశారు.

మన దగ్గర ఇంకో కష్టం ఉంది. హన్మకొండ చౌరస్తాలో సాయంత్రం పూట మిర్చి బజ్జీ బండి ముందు నిలబడే వందమందిని ఏ జీఎస్టీ పట్టుకోగలదు? పట్టుకోవాలా అన్నది వేరే ప్రశ్న. ఆ బండి మీద బతికే కుటుంబం ఒకటుంటుంది, నేను అక్కడికి పోవడం మానలేదు కూడా. అందుకే ఊబకాయం మీద ఏ చట్టమైనా ముందుగా ప్యాకెట్ దగ్గరికే వస్తుంది, దానికి తయారుచేసినవాడు ఉంటాడు, లెక్క ఉంటుంది, రాత ఉంటుంది.

ఆ రాతే ఇప్పుడు అసలు గొడవ. చక్కెర, ఉప్పు, కొవ్వు ఎంతుందో ప్యాకెట్ ముందువైపు పెద్దగా చెప్పాలన్న మాట మన దేశంలో ఏళ్లుగా నలుగుతోంది. 2022 సెప్టెంబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక ముసాయిదా తెచ్చింది, ఫ్రిజ్‌కు ఉన్నట్టు తిండికీ నక్షత్రాలు. అర నక్షత్రం నుంచి ఐదు దాకా. చిక్కు ఎక్కడంటే, అందులో మంచికి కూడా మార్కులు ఉంటాయి. చక్కెర ఎక్కువుంటే మార్కులు పోతాయి, కానీ కాసిని పప్పులో, పండ్లో, పీచో కలిపితే కొన్ని తిరిగొస్తాయి. చివరికి చక్కెర దండిగా ఉన్న బిస్కెట్ కూడా రెండు నక్షత్రాలు పెట్టుకుని బుద్ధిమంతుడిలా నిలబడొచ్చు. మన బుర్రలో నక్షత్రం అంటే మెచ్చుకోలు, ఒక్క నక్షత్రమున్నా అదేదో బహుమతి అనుకునే పిల్లలున్నారు మా ఇంట్లో.

చిలీ చేసింది దీనికి పూర్తిగా తిరుగు. అక్కడ చట్టం 2012లో పాసైనా, కంపెనీల ఒత్తిడి మధ్య నలిగి నలిగి 2016లో అమల్లోకి వచ్చింది. గీత దాటిన ప్రతి దానికీ ఒక నల్ల అష్టభుజి ముద్ర, 'చక్కెర ఎక్కువ', 'ఉప్పు ఎక్కువ' అని. మూడు తప్పులుంటే మూడు ముద్రలు. ముద్ర పడ్డ సరుకు బళ్లలో అమ్మొద్దు, దాని డబ్బా మీద పులి బొమ్మ, కుందేలు బొమ్మ ఉండొద్దు. ముద్ర పడే తీపి డ్రింకుల కొనుగోలు దాదాపు 24 శాతం తగ్గిందని తర్వాత పరిశోధకులు లెక్క తేల్చారు. చదువురాని ముసలమ్మకు కూడా నల్ల ముద్ర అర్థమవుతుంది, నక్షత్రం అర్థం కాదు. నా ఓటు ముద్రకే, దాచుకోవడానికేం లేదు. మన దగ్గర ఈ విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2025 ఏప్రిల్‌లో కోర్టు మూడు నెలల్లో తేల్చండి అంది, జులైలో ఇంకో మూడు నెలలు ఇచ్చింది.

ఈ మధ్యలో ఒక తమాషా జరిగింది. ఆఫీసుల్లో నూనె, చక్కెర ఎంతెంత తింటున్నామో చెప్పే బోర్డులు పెట్టండని 2025 జూన్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ అన్ని శాఖలకూ లేఖ రాస్తే, అది సమోసాకు, జిలేబీకి సిగరెట్ పెట్టె మీద లాంటి హెచ్చరిక పెడుతున్నారని టీవీల్లో తయారైంది. ప్రభుత్వం కంగారుపడి, బండ్ల మీద అమ్మే తినుబండారాలకు ఏ హెచ్చరికా లేదు అని వివరణ ఇచ్చుకుంది. సమోసా అనగానే అంత ఉలికిపడ్డారు గానీ, ప్యాకెట్ మీద నక్షత్రమా ముద్రా అని ఏ చర్చా పెట్టలేదు.

పిల్లల విషయంలో చట్టం కాగితం మీద గట్టిగానే ఉంది. ఢిల్లీ హైకోర్టులో 2010లో మొదలైన ఒక కేసు పుణ్యాన, ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో నిబంధనలు తెచ్చింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి బడిలో గానీ, బడి గేటు నుంచి ఏ వైపైనా 50 మీటర్ల లోపు గానీ అమ్మొద్దు. హన్మకొండలో మా పిల్లగాడి బడి గేటు నుంచి నేను అడుగులేసి చూశా, ఇరవై రెండో అడుగుకి చిప్స్ దండలు వేలాడే దుకాణం వచ్చింది. దుకాణాయనను అడిగితే "గీ యాభై మీటర్లెవరు కొలుస్తరు సారూ" అన్నాడు, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. టీవీ ప్రకటనల మీద 2022లో వచ్చిన మార్గదర్శకాలు చిప్స్, కూల్‌డ్రింకుల ప్రకటనలు పిల్లల కార్యక్రమాల మధ్య, పిల్లల ఛానళ్లలో వేయొద్దన్నాయి. మావాడు పిల్లల ఛానల్ ఎప్పుడు చూశాడు? వాడు చూసేది క్రికెట్, దాన్ని ఎవరూ పిల్లల కార్యక్రమం అనరు. ఉన్నంతలో పనికొచ్చింది 2025 మేలో సీబీఎస్ఈ చెప్పిన చక్కెర బోర్డే. ఒక్కో డ్రింకులో ఎన్ని చెంచాల చక్కెర ఉందో గోడ మీద చూసొచ్చి, ఇంట్లో నాకు లెక్క చెప్పాడు.

నూనె దగ్గర మాత్రం ప్రభుత్వం తన కాలు తానే తొక్కుకుంటోంది. 2025 ఫిబ్రవరి మన్ కీ బాత్‌లో ప్రధాని, ప్రతి ఇంట్లో నూనె పది శాతం తగ్గించండి అని చెప్పి, ఆనంద్ మహీంద్రా, మోహన్‌లాల్ లాంటి పదిమందిని ఈ మాట ప్రచారం చేయమన్నారు. మంచి మాటే. నీతి ఆయోగ్ లెక్కలో 2020-21 నాటికి మనిషికి ఏడాదికి 19.7 కిలోల నూనె పోతుంటే, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చాలనేది 12 కిలోలు. సరిగ్గా మూడు నెలలకు, మే ఆఖరున, ముడి వంటనూనెల మీద ప్రాథమిక దిగుమతి సుంకం 20 శాతం నుంచి 10కి దించారు. ఇంకోవైపు 2021 నుంచి 11,040 కోట్లతో ఆయిల్ పామ్ మిషన్, మన తెలంగాణ ప్రభుత్వాలు కూడా రైతుల వెంటపడి మరీ మొక్కలిస్తున్నాయి. దీంట్లో దొంగాట ఏమీ లేదు. నూనె ధర పెరిగితే కూలి చేసుకునే ఇంట్లో కూర పలచబడుతుంది, ఎన్నికల్లో అది కనిపిస్తుంది. రైతుకు వరి తప్ప ఇంకో దారి చూపాలి. మూడూ న్యాయమైన కారణాలే, మూడూ మూడు వేర్వేరు గదుల్లో ఉన్నాయి, నా నడుము మాత్రం ఒక్కటే.

గొప్పగా పనిచేసిన చట్టం ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. డాల్డా లాంటి గడ్డకట్టిన నూనెల్లో ఉండే ట్రాన్స్ ఫ్యాట్‌ను 2021 జనవరికి 3 శాతానికి, 2022 జనవరికి 2 శాతానికి కట్టడి చేశారు. అది బరువు కంటే గుండెకు సంబంధించిందే అనుకోండి. కానీ మనకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, బోర్డు పెట్టలేదు, సినిమా నటుడు రాలేదు. నూనె ఫ్యాక్టరీ దగ్గరే పని జరిగిపోయింది.

నడక సంగతి చిన్నగా చెప్పేస్తా. పొద్దున ఐదింటికి భద్రకాళి బండ్ మీద, వడ్డేపల్లి చెరువు కట్ట మీద, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడిచేవాళ్లను చూస్తే ఊరంతా ఆరోగ్యం కోసం లేచినట్టుంటుంది, కానీ అక్కడికి అందరూ బండి మీద వస్తారు. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్‌కు నడిచిపోదామంటే ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద దుకాణం ఉంటుంది, లేనిచోట మోరీ ఉంటుంది.

నేను ఆరు మార్కులతో పరీక్షలకు పోయొచ్చా. బీపీ కొంచెం ఎక్కువ, షుగర్ గీత మీద ఉంది. ఒక గోలీ రాశారు, ఏం తినాలో చెప్పే మనిషి మాత్రం అక్కడ లేరు, "అన్నం తగ్గించండి" అన్న రెండు మాటలతో చీటీ చేతికొచ్చింది. దసరాకు ఊరికి పోయినప్పుడు ఆశా చెల్లె మళ్లీ వచ్చింది. టేపు తీసింది, 95. మా అన్న బిడ్డ పక్కనే క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని కూర్చుంది. చెల్లె దాన్ని తీసుకుని వెనక తిప్పి చూసి, అక్షరాలు ఆనక, "అన్నా, నీ ఫోన్ల జర పెద్దగ చేసి సూపియ్యు" అంది. ఫొటో తీసి జూమ్ చేశాం. వంద గ్రాములకు 36 గ్రాముల చక్కెర. ఆమె ఒకసారి ప్యాకెట్ ముందువైపు చూసింది, అక్కడ గ్లాసులోంచి పాలు ఎగిరిపడుతున్న బొమ్మ ఉంది. "మూడో వంతు సక్కెరే గద" అని ప్యాకెట్ పిల్లకే ఇచ్చేసి, పక్కింటికి పోయింది.